నష్టానికి కారణం అనే గడి

గుత్తి కొండ మీద సిగ్నల్ దొరకదు.
ట్యాబ్‌లో రాసుకున్నదంతా కడుపులో దాచుకుని
సాయంత్రం బస్టాండు దగ్గర, సోడా బండి పక్కన
నిలబడితే గాని
గోడలు ఒక్కొక్కటే పైకి ఎక్కవు.

మూడు వందల పన్నెండు వరుసలు నింపాను ఈ ఎండల్లో.
ప్రతి గోడకీ ఒక నంబరు, ప్రతి నంబరుకీ నాలుగు ఫోటోలు,
ఫోటోలో కొలత తెలియడానికి ఒక స్కేలు,
స్కేలు మరిచిన రోజు నా చెప్పు.

ఇవాళ ధాన్యం కొట్టు. పడమటి గోడ. నూటపదిహేడు.
పగులు రకం: అడ్డం, నిలువు, వాలు.
మూడింట్లో ఒకటే నొక్కాలి.
ఇదేమో నిలువుగా మొదలై, నడుమ మనసు మార్చుకుని
లేని కిటికీ కోసం వెతికినట్టు
పక్కకు పోయింది.
వాలు అని నొక్కాను.
అబద్ధం కాదు, నిజమూ కాదు.

కుళ్లాయప్ప మేస్త్రి వెనక నిలబడి
వెలిగించని బీడీ పీలుస్తున్నాడు.
"అది ఒక తీరున ఉండే పగులు గాదు మేడం.
ఎండకు నోరు తెరుస్తాది, వానకు మూస్తాది.
పోయిన ఉగాదికి గాజుముక్క అడ్డంగా అతికించి సూస్తి,
మా ఆడామె గాజే.
వైశాఖానికి ఇరిగె."

తేదీ గడిలో ఉగాది పట్టదు, అంకెలే పడతాయి.
పరికరం గడిలో లేజరు ఉంది, గాజు లేదు.
రిమార్కులకు రెండు వందల అక్షరాలు చాలనుకున్నాడు
ఈ పట్టిక అల్లిన పిల్లవాడు.
అతను కోట చూడలేదు.
పాపం, ఎవరూ పిలవలేదు.

తర్వాతి గడి, గత మరమ్మతు.
గోడ కింది సగం బూడిద రంగులో, పగిలిన మడమలా ఉంది.
సిమెంటు, అన్నాను.
సున్నపు గోడకు సిమెంటు పూస్తే
చెమ్మ బయటికి పోలేక లోపలే ఉండి రాయిని తింటుందని
శిక్షణలో నాకు చెప్పింది అతనికి చెప్పాను.
తల ఊపుతూ విన్నాడు.
ఏ సంవత్సరం?
"ఎనభై ఆరు. కరువు పని."
ఎవరు చేశారో తెలుసా?

మాట పట్టింపుతో విడిపోయిన వియ్యంకుడు
సంతలో ఎదురైనట్టు
గోడ వైపు చూశాడు కాసేపు.

"నేనే. పందొమ్మిదేండ్లు నాకు.
మా నాయన గానుగ సున్నం నానబెట్టుకోని ఉండె,
కరక్కాయ నీళ్లు, బెల్లం, అంతా సిద్ధం.
ఇంజినీరు వచ్చి, అవన్నీ ఎప్పటికయ్యేను,
మూడు దినాల్లో ముగించండి అనె.
గాడిదల మీద సిమెంటు మూటలు ఎక్కిస్తిమి.
మా నాయన పూయనని కొండ దిగిపాయె.
నేను పూస్తి.
కూలి వచ్చె. ఆ ఏడు తింటిమి."

నష్టానికి కారణం:
వాన, చెట్ల వేర్లు, గుప్తనిధుల తవ్వకం, సరికాని మరమ్మతు.
నా వేలు గాల్లో ఆగింది.

"రాస్కో మేడం. పేరుతోనే రాస్కో.
రేపు ఇంకోడు వచ్చి, ఎవడు జేసినాడో అని
ఎదుక్కోగూడదు గదా."

నొక్కాను.
పేరు రిమార్కుల్లో పెట్టాను.
దాని పక్కనే, అక్షరాలు లెక్కపెట్టుకుంటూ,
కరువు అని కూడా పెట్టాను.
జాబితాలో ఆ కారణం లేదు.
అనంతపురం కోసం చేసిన జాబితా అది.

పట్టిక తనంతట తానే వరుసలు సర్దుకుంది.
నూటపదిహేడు అందరినీ తోసుకుని
మొదటికి వచ్చి ఎర్రగా నిలబడింది.
పని: సిమెంటు ఒలవడం, సున్నం పూత.
ఎన్ని రోజులు?
"ఒలిచేదానికే నెల. సున్నం నానేదానికి ఇంకో నెల.
తొందరంటే నన్ను పిలవద్దు."
అరవై అని రాశాను.
కొట్టేసి తొంభై చేశాను.

బస్టాండు. సిగ్నల్ వచ్చింది.
గోడ పైకి ఎక్కుతున్నంతసేపూ
తెర మీద చిన్న చక్రం గుండ్రంగా తిరుగుతోంది.
సోడా సీసా పట్టుకుని వంగి చూశాడు కుళ్లాయప్ప.
"గానుగ మాదిరే ఉందే" అన్నాడు,
"కాకపోతే ఎద్దు యాడుందో కనపళ్లా."